ఇయర్‌ఫోన్ దాచకండి, టోకెన్ ఇవ్వకండి

ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, శాఖ బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఆనవాళ్లు తీసేసి, క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 43 ఏళ్లు. కోస్తాలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్. చిన్నప్పటి నుంచీ రేచీకటి ఉంది. ముప్ఫై దాటాక పక్కచూపు తగ్గడం మొదలైంది. డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్పీ) అని తేల్చారు. అమ్మానాన్నలది మేనరికం. ఇన్నాళ్లూ తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకుని నెట్టుకొచ్చారు. ఏడాదిగా అదీ కుదరడం లేదు. ఒక బిల్లులో 3ని 8గా చదివి నోట్ పెట్టారు. బిల్లు ట్రెజరీ నుంచి తిరిగొచ్చింది, ‘అజాగ్రత్త’ అంటూ మెమో చేతికిచ్చారు. అప్పుడు కూడా కళ్ల సంగతి చెప్పకుండా క్షమాపణ రాసిచ్చేశారు.

సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్ ఉన్నాడు, మంచి కుర్రాడు. సాయంత్రం అందరూ వెళ్లాక ఫైళ్లు చదివి వినిపించేవాడు. ఇప్పుడు ఆమె లాగిన్‌లో తనే ఫైళ్లు కదుపుతున్నాడు. డిజిటల్ సంతకం టోకెన్ (కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్ల మీద సంతకం పెట్టే పరికరం), దాని పిన్ కూడా అతని దగ్గరే ఉంటున్నాయి. ఎన్‌వీడీఏ అనే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను ఇంట్లో లాప్‌టాప్‌లో వేసిచ్చిందీ అతనే. ఆమె రాత్రిళ్లు కూర్చుని అది నేర్చుకుంటున్నారు. ఆఫీసులో మాత్రం ‘బయటి సాఫ్ట్‌వేర్లు ఎక్కించం’ అన్నారట. ఒకరోజు విండోస్‌లోనే ఉన్న నరేటర్ అనే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే, సూపరింటెండెంట్ ‘ఏంటమ్మా, పాటలు వింటున్నారా?’ అన్నారు. సెక్షనంతా నవ్వింది. ఇయర్‌ఫోన్ బ్యాగులోకి వెళ్లిపోయింది.

ఇంట్లో తలో మాట. మెడికల్ ఇన్‌వ్యాలిడేషన్ (జబ్బు వల్ల ఉద్యోగానికి పనికిరానని తప్పుకోవడం) పెట్టుకుని దిగిపోతే బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం వస్తుందని భర్త. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకుంటే ఊరంతా తెలిసి పిల్లకు సంబంధాలు రావని అత్తగారు. బయటి సంబంధాలెందుకు, మా వాడికి చేసుకుంటామని తమ్ముడు. ‘చెప్పాలా, దాచాలా, మానేయాలా? ఏది చేసినా తప్పే అనిపిస్తోంది’ అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

నేనూ స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాణ్నే. మీ ఉత్తరం విన్నాను, ఈ జవాబూ వింటూనే టైప్ చేస్తున్నాను. అందుకని మొహమాటం లేకుండా మాట్లాడతాను.

ఆరు పేజీల్లో మీరు అన్నిటికంటే ఎక్కువగా కుమిలిపోయింది ఆ ఇయర్‌ఫోన్ గురించి. టోకెన్ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు, అదీ ఆ అబ్బాయి మంచితనం చెప్పడానికి. నాకు భయం వేసింది ఆ వాక్యం దగ్గరే. దాచాల్సిన పని లేనిదాన్ని దాస్తున్నారు, చేయకూడనిదాన్ని నిశ్చింతగా చేస్తున్నారు. మీ టోకెన్‌తో పడిన ప్రతి సంతకమూ మీదే. ఐటీ చట్టం, 2000 ప్రకారం ఆ టోకెన్‌లో ఉండే సంతకపు కీని తన అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత సంతకందారుదే. రేపు ఏదైనా బిల్లు మీద విచారణ వస్తే ‘నాకు కనపడదండీ, ఆ అబ్బాయి చేశాడు’ అనే మాట మిమ్మల్ని కాపాడదు, అతన్నీ ముంచుతుంది. సర్వీసు ఇంకా ముందున్న కుర్రాడు. ఇది ఆప్షన్ కాదు, ముందుగా చేయాల్సిన పని: టోకెన్ వెనక్కి తీసుకోండి, పిన్ మార్చండి, లాగిన్ పాస్‌వర్డ్ మార్చండి. పని సగానికి పడిపోతుంది, పడిపోనివ్వండి. ఎందుకు పడిపోయిందో అడిగినప్పుడు చెప్పడానికి మీ దగ్గర నిజమైన కారణం ఉంది.

రెండోది, కళ్ల డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో మీరు రాయలేదు. ఆర్పీలో సాధారణంగా ముందు రాత్రిచూపు, తర్వాత పక్కచూపు పోతాయి, నడిమిచూపు చాలాకాలం నిలుస్తుంది. మీకు ఏడాదిలోనే అంకెలు తారుమారయ్యేంతగా నడిమిచూపు తగ్గిందంటే, ఆర్పీ ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఆర్పీ ఉన్నవాళ్లకు కంటి కటకం వెనకభాగంలో శుక్లం రావడం, రెటీనా మధ్యలో నీరు చేరడం తరచూ చూస్తాం. ఈ రెండింటికీ చికిత్స ఉంది. పోయిన పక్కచూపు తిరిగి రాకపోయినా, చదివే చూపు కొంత మెరుగుపడే అవకాశం ఉంటే దాన్నెందుకు వదులుకోవాలి? వెళ్లినప్పుడు మందుల చీటీతో సరిపెట్టుకోకుండా, మిగిలిన చూపును వాడుకోవడం నేర్పే లో విజన్ విభాగానికి రాయమని అడగండి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇందుకోసం ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. ఇంచు వెడల్పు చూపుతో వరస తప్పకుండా ఎలా చదవాలో, తెల్ల తెర కళ్లలో గుచ్చుకుంటుంటే ఏం చేయాలో వాళ్లు దగ్గరుండి నేర్పుతారు. ఆర్పీ పూర్తిగా నయం చేస్తామని యూట్యూబులో చెప్పే చుక్కలమందు వాళ్ల జోలికి మాత్రం పోకండి.

ఇక పరికరాల సంగతి. మీకు కొంత చూపుంది కాబట్టి పూర్తిగా చెవికే మారిపోనక్కర్లేదు. తెరను నలుపు మీద తెలుపు అక్షరాలకు మార్చుకోండి, కాంతి గుచ్చుకోవడం తగ్గుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చుంటే కుర్చీ తిప్పించుకోండి. విండోస్ మీటతో ప్లస్ నొక్కితే మాగ్నిఫైయర్ వస్తుంది. కాగితం మీద సీలు ఎక్కడుంది, పట్టికలో ఏ గడి ఎక్కడుంది లాంటివి కంటితో చూడండి. పేరాలు, నోట్‌లు, చట్టం పాఠాలు చెవితో వినండి. అంకెలకు మాత్రం ఒక నియమం పెట్టుకోండి: కళ్లు ఏమి చెప్పినా చెవితో రూఢి చేసుకోవాల్సిందే. ఎన్‌వీడీఏలో నంబర్ ప్యాడ్ మీది 5 ఒకసారి నొక్కితే పదం చదువుతుంది, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే అక్షరం అక్షరం విడదీసి చెబుతుంది. ఆ ఒక్క అలవాటు ఉండుంటే మీ 3, 8 గొడవ వచ్చేది కాదు. మెమోలో అజాగ్రత్త అన్నారు కానీ అది అజాగ్రత్త కాదు, పనిముట్టు లేకపోవడం.

మీరు టైప్‌రైటింగ్ హయ్యర్ పాసయ్యానని ఉత్తరంలో ఎక్కడో ఒక మూల రాశారు. అదెంత పెద్ద ఆస్తో మీకు తెలిసినట్టు లేదు. చూపు తగ్గాక స్క్రీన్ రీడర్‌కు వచ్చే చాలామంది మొదట తంటాలు పడేది కీబోర్డుతోనే. మీ వేళ్లకు ఏ అక్షరం ఎక్కడుందో ఇన్‌స్టిట్యూట్ రోజుల్నుంచీ తెలుసు. మిగిలింది చెవికి అలవాటే. ఆ యంత్రపు గొంతు మొదట్లో చిరాకు తెప్పిస్తుంది, మెల్లగా పెట్టుకుని వినండి, వారానికి కొంచెం కొంచెం వేగం పెంచండి. బ్లూటూత్ వద్దు, చాలా సెట్లలో మాటలో మొదటి అక్షరం మింగేస్తుంది. వైరుది, ఒక చెవికే పెట్టుకోండి. రెండో చెవి సెక్షన్‌కి ఉంటుంది, ఎవరైనా పిలిస్తే పలకొచ్చు.

తెలుగు విషయంలో ఒక చిక్కు ఉంది. అది మీ చిక్కు కాదని తెలుసుకోవడం ముఖ్యం. ‘ఇంగ్లీషు ఫైళ్లు బాగానే చదువుతుంది, మా ఆఫీసు తెలుగు మెమోలు తెరిస్తే పిచ్చి పిచ్చిగా వాగుతుంది, నాకు వాడటం రాలేదేమో’ అని రాశారు. మీకు వాడటం వచ్చు. ఆ మెమోలు అను ఫాంటుల్లో టైప్ చేసినవి అయ్యుంటాయి. వాటిలో తెరమీద తెలుగు బొమ్మ కనబడుతుంది కానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యంత్రం వాటినే చదువుతుంది. అదే మెమోను యూనికోడ్‌లో, గౌతమి, నిర్మల లాంటి ఫాంటులో టైప్ చేస్తే చక్కగా తెలుగులో చదువుతుంది. పాత ఫైళ్లకు అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కొత్తవి యూనికోడ్‌లోనే టైప్ చేయించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లది ఇంకో బాధ, యంత్రానికి అవి ఉత్త ఫొటోలు. ఫోనులో గూగుల్ లెన్స్ అచ్చు తెలుగును బాగానే గుర్తుపడుతుంది. కానీ ఆఫీసు కాగితాన్ని బయటి సర్వర్‌కు పంపుతున్నారని మరచిపోకండి, రాతపూర్వక అనుమతి లేకుండా ఆ పని చేయొద్దు. చేతిరాత అర్జీలైతే ఏ యంత్రమూ నమ్మకంగా చదవలేదు. అక్కడ మనిషే కావాలి. అక్కడే ఆ కుర్రాడి సాయాన్ని అధికారికం చేయించుకోవచ్చు: రోజూ ఒక గంట, ఆఫీసు వేళల్లో, చేతిరాత కాగితాలు చదివిపెట్టడం అతనికి అప్పగించిన పనిగా ఆఫీస్ ఆర్డర్‌లోకి ఎక్కితే, అతను మీకు ఉపకారం చేస్తున్నవాడు కాడు, మీరు అతనికి రుణపడినవారూ కారు. సంతకం మాత్రం మీ చేత్తోనే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: చెప్పాలా, దాచాలా, మానేయాలా?

దాచడం అంటే ఇప్పుడున్నట్టే ఉండటం. సంబంధాల భయం, సెక్షన్‌లో నవ్వుల భయం కొంతకాలం వాయిదా పడతాయి. కానీ ఇంకో తప్పు జరిగి రెండో మెమో వస్తే, అప్పుడు చెప్పే కళ్ల సంగతి సాకులా వినబడుతుంది. ఇదే మాట ముందు చెబితే సమాచారం. మీరు దాస్తున్నామనుకుంటున్నారు గానీ, సొరుగు తెరిచి ఉంటే మోకాలు తగిలించుకునే మనిషిని సెక్షన్‌లో ఎవరూ గమనించలేదంటారా? వాళ్లకు ఏదో ఉందని తెలుసు, ఏమిటో తెలియదు. ఆ ఖాళీలో ఎవరి కథ వాళ్లు అల్లుకుంటారు.

రెండో దారి, కాగితాలేమీ లేకుండా నోటిమాటగా చెప్పడం. సూపరింటెండెంట్‌ను ఒంటరిగా కలిసి, ఇంట్లోని లాప్‌టాప్ తీసుకెళ్లి ఒక నోట్ చదివించి చూపించండి. చాలామంది అధికారులకు ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉందనే తెలియదు. ‘పాటలు వింటున్నారా’ అన్నది వెటకారం అయ్యుండొచ్చు, నిజంగానే తెలియక అన్నదీ అయ్యుండొచ్చు. పదినిమిషాల ప్రదర్శన దాన్ని తేల్చేస్తుంది. ఈ దారిలో గొడవ తక్కువ, పని త్వరగా జరుగుతుంది. లోపం ఏమిటంటే అంతా ఆయన మంచితనం మీద నడుస్తుంది. ఆయనకు బదిలీ అయితే, కొత్తాయన దగ్గర మళ్లీ అఆల నుంచి మొదలు.

మూడోది సదరం సర్టిఫికెట్, రాతపూర్వక దరఖాస్తు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో చూపు క్షేత్రం 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే లో విజన్, 10 కంటే తగ్గితే అంధత్వం. అంటే అక్షరాలు కనబడుతున్నా, పక్కచూపు పోయినవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. ‘కంటి పరీక్ష బోర్డు మీద అక్షరం చదివేశాను కదా, నాకివ్వరు’ అని మీరు అనుకుంటున్నారు, అది సరికాదు. చూపు క్షేత్రాన్ని కొలిచే ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. అదే చట్టం సెక్షన్ 20 ప్రకారం ప్రభుత్వ కార్యాలయం వికలాంగులైన ఉద్యోగికి తగిన సదుపాయాలు ఇవ్వాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పోస్టులో పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, అదీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి. వైకల్యం ఉందనే కారణంతో ప్రమోషన్ ఆపకూడదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, రంగులు గుర్తించలేరని ఇంటికి పంపేసిన ఒక డ్రైవరు విషయంలో, వేరే పని చూడకుండా పంపడం తప్పని, తగిన ఉద్యోగం ఇవ్వమని తెలంగాణ ఆర్టీసీకి చెప్పింది. సర్టిఫికెట్‌లో వైకల్య శాతం అటూ ఇటూ అయినా బెంగపడకండి. 40 శాతం దాటితేనే సదుపాయం ఇస్తామనడం కుదరదని 2021లో యూపీఎస్సీ పరీక్షల కేసులో అదే కోర్టు అంది.

ఇంత రక్షణ ఉన్నా, ఈ దారికీ ఖరీదు ఉంది. సదరం క్యాంపులో వరసలో నిలబడాలి, అక్కడ తెలిసినవాళ్లు తగలొచ్చు. అంతకంటే పెద్దది, చట్టం మీ జీతాన్ని కాపాడుతుంది కానీ మీ పనిని కాదు. ‘పాపం, కళ్లు కనపడవు, ఆమెకేం పనులు చెప్పకండి’ అని ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు. మనవాళ్ల దయ ఇలాగే ఉంటుంది. రెండేళ్లు అలా కూర్చుంటే మీరే మీ మీద నమ్మకం పోగొట్టుకుంటారు. అందుకని దరఖాస్తులో ఏం కావాలో ఎంత స్పష్టంగా రాస్తారో, ఏ పని చేయగలరో కూడా అంతే స్పష్టంగా రాయండి.

నాలుగోది మీ ఆయన చెబుతున్నది. ఆయన్ను తప్పుపట్టను, ఆడపిల్ల తండ్రి లెక్క అది. కానీ లెక్క సగమే వేశారు. మెడికల్ బోర్డు మీరు ఏ పనికీ పనికిరారని రాయాలి. అలా రాయించుకున్నాక వెనక్కి రావడం దాదాపు లేదు. కారుణ్య నియామకం దరఖాస్తు పెట్టుకునే అవకాశమే, చేతికొచ్చే ఆర్డర్ కాదు. ఖాళీలు, నిబంధనలు, అర్హతలు అన్నీ కలిసిరావాలి. ఇంకా పదిహేనేళ్లకు పైగా సర్వీసు, ఇంక్రిమెంట్లు, ప్రమోషన్ వదులుకుని, బీటెక్ చదివిన పిల్లకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వస్తుందేమోనని ఎదురుచూడటం. ఆ పిల్లను ఎవరైనా అడిగారా, ఆ ఉద్యోగం కావాలా అని?

నేనైతే రెండోదానితో మొదలుపెట్టి, కళ్ల రిపోర్టులు చేతికి రాగానే మూడోదానికి వెళ్తాను. మీరు మీ ఆఫీసు వాతావరణం చూసుకుని నేరుగా మూడోదానికే వెళ్లొచ్చు. నాలుగోదాన్ని మాత్రం ఎన్‌వీడీఏతో ఆఫీసులో కనీసం ఏడాది పనిచేసి చూడకుండా ముట్టుకోకండి.

అమ్మాయి పెళ్లి గురించి నన్ను సలహా అడగలేదు, అయినా ఒక్కమాట. సర్టిఫికెట్ వల్ల పిల్లకు జబ్బు రాదు, సర్టిఫికెట్ లేనందువల్ల పోదు. మీ కుటుంబంలో మేనరికం ఉంది కాబట్టి ఇది తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి చెరొక లోపపు జన్యువు కలిస్తే వచ్చే రకం అయ్యుండే అవకాశం ఎక్కువ. అదే నిజమైతే మీ అమ్మాయి చూపు బాగానే ఉన్నా ఆ జన్యువు ఒకటి ఆమెలో ఉంటుంది. మీ తమ్ముడిలో, ఆయన కొడుకులో కూడా ఉండొచ్చు. బయటి సంబంధంలో పుట్టే పిల్లలకు ముప్పు చాలా తక్కువ, మీ తమ్ముడి కొడుకుతోనే ఎక్కువ. ‘మనవాళ్లయితే కళ్ల సంగతి పట్టించుకోరు’ అనుకుని అసలు ముప్పు ఉన్నచోటికే వెళ్తున్నారు. జన్యు పరీక్ష చేయించి, జెనెటిక్ కౌన్సెలింగ్‌లో మీ అత్తగారినీ కూర్చోబెట్టండి. డాక్టరు చెబితే వినే తరం ఆవిడది.

ఇక దరఖాస్తు. కార్యాలయాధిపతికి రాయండి, ఒక్క పేజీ దాటొద్దు. మొదటి పేరాలో జబ్బు పేరు, జతచేసిన రిపోర్టులు. తర్వాత మీకు కావలసినవి: ఆఫీసు కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఇయర్‌ఫోన్ వాడకానికి అనుమతి, తెలుగు ఉత్తర్వుల వర్డ్ కాపీలు యూనికోడ్‌లో, చేతిరాత కాగితాలకు ఒక గంట రీడర్ సాయం. ఎన్‌వీడీఏ ఉచితమని ఒకటికి రెండుసార్లు రాయండి. చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. జాస్ లాంటి స్క్రీన్ రీడర్లు కొనాలంటే కొటేషన్లు, బడ్జెట్ హెడ్డు, ఆడిట్ అభ్యంతరం అంటూ ఫైలు ఏడాది తిరుగుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు కాబట్టి ‘బడ్జెట్ లేదు’ అనే అస్త్రం పనిచేయదు. ‘బయటి సాఫ్ట్‌వేర్’ అన్నవాళ్లకు జవాబుగా, మీరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి దొంగచాటుగా నడపకుండా, వాళ్ల సిస్టమ్స్ విభాగమే అధికారిక సైటు నుంచి దించి ఎక్కించాలని కోరండి. మూడో పేరాలో మీరు చేయగల పనుల జాబితా. పాత మెమో ప్రస్తావన నాలుగు మాటల్లో: ఆ పొరపాటు చూపు తగ్గినందువల్ల జరిగింది, మళ్లీ జరగకుండా ఈ సదుపాయాలు కోరుతున్నాను.

చివర్లో సెక్షన్ 20 పేరు రాయండి, బెదిరింపు మాటలు వద్దు. నెల చూసినా కదలిక లేకపోతే సెక్షన్ 23 కింద ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఉండాల్సిన ఫిర్యాదుల అధికారికి రాయొచ్చు. ఆయన రెండు వారాల్లో విచారించాలి. ఆపైన జిల్లా కమిటీ, రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. అంతదూరం వెళ్లాల్సి రాకపోవచ్చు. దరఖాస్తు రెండు కాపీలు తీసి, ఒకటి తపాల్‌లో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి.